కెర్ ఫలితం: ద్రవంలో అణువుల ఆకారాన్ని, కదలికను వెలుతురుతో చదవడం

రెండు పోలరైజర్లను (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలకలను) వాటి అక్షాలు ఒకదానికొకటి లంబంగా ఉండేలా పెడితే వాటి గుండా వెలుతురు రాదు. మధ్యలో నైట్రోబెంజీన్ పోసిన గాజు పాత్ర పెట్టినా అంతే, చీకటే. ఆ పాత్రలో 5 సెం.మీ. పొడవున్న లోహపు పలకలు రెంటిని 5 మి.మీ. ఎడంగా నిలబెట్టి, విద్యుత్ క్షేత్రం పోలరైజర్ అక్షానికి 45 డిగ్రీల కోణంలో ఉండేలా అమర్చి, 10 వేల వోల్టులు ఇస్తే మాత్రం సోడియం దీపపు పసుపు వెలుగు దాదాపు పూర్తిగా అవతలికి వచ్చేస్తుంది. వోల్టేజీ తీసేస్తే మళ్లీ చీకటి. ద్రవం రంగు మారలేదు, వెలుగును పీల్చుకోనూ లేదు. క్షేత్రానికి సమాంతరంగా కంపించే కాంతి ఒక వేగంతోనూ, లంబంగా కంపించే కాంతి మరో వేగంతోనూ ప్రయాణించడం మొదలైంది, అంతే. అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండే ద్రవం కాసేపు స్ఫటికంలా ప్రవర్తించింది. విద్యుత్ క్షేత్రం కలిగించే ఈ ద్వివక్రీభవనాన్నే కెర్ ఫలితం అంటారు.

ఆ రెండు వేగాల మధ్య తేడా ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పైన చెప్పిన అమరికలో రెండు వక్రీభవన గుణకాల మధ్య భేదం 10 లక్షల్లో 6 పాళ్లకు మించదు. అయినా 5 సెం.మీ. దూరం పోయేసరికి ఒక కిరణం రెండోదానికన్నా సగం తరంగదైర్ఘ్యం వెనకబడుతుంది. చీకటి వెలుగుగా మారడానికి ఆ సగం చాలు. ఇంత చిన్న భేదాన్ని ఇంత సులువుగా కంటికి చూపించగల ప్రయోగాలు భౌతికశాస్త్రంలో ఎక్కువేం లేవు.

ఈ సంగతి 1875లో బయటపెట్టిన జాన్ కెర్ పెద్ద విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కాదు. విలియం థామ్సన్ దగ్గర చదువుకుని, గ్లాస్గోలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో గణితం చెప్పుకుంటున్న మనిషి. అయస్కాంత క్షేత్రం గాజులో కాంతి ధృవణ తలాన్ని తిప్పుతుందని 1845లో చూపించిన ఫారడే, విద్యుత్ క్షేత్రంతోనూ అలాంటిదేదో జరగాలని వెతికాడు గాని ఏమీ కనిపించలేదు. కెర్‌కు కనిపించింది. మొదట గాజు పలకకు రంధ్రాలు పెట్టి, ప్రేరణ చుట్టతో అధిక వోల్టేజీ ఇచ్చి చూశాడు. గాజులో ప్రభావం నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా పోయింది. అలా నెమ్మదిగా రావడమే అనుమానానికి తావిస్తుంది. విద్యుత్తు వల్ల గాజు నలిగి వక్రీభవనం మారిందేమోనని ఎవరైనా అడగవచ్చు. ద్రవాల్లోకి దిగాక ఆ అనుమానం చాలావరకు తీరింది. కార్బన్ డైసల్ఫైడ్ లాంటి ద్రవానికి నలుగుడు నిలిచి ఉండదు, ప్రభావం మాత్రం వోల్టేజీతో పాటే వచ్చి దాంతో పాటే పోతుంది. వక్రీభవన భేదం క్షేత్రపు వర్గానికి అనుపాతంలో ఉంటుందనే నియమం కూడా కెర్ చెప్పిందే. ప్రతి ద్రవానికీ ఆ అనుపాతానికి ఒక స్థిరాంకం ఉంటుంది, దాన్నే కెర్ స్థిరాంకం అంటారు. అది కొన్ని ద్రవాలకు ధనాత్మకం, కొన్నిటికి రుణాత్మకం.

అసలు కథంతా ఆ గుర్తులోనే ఉంది.

ఎందుకో తెలియాలంటే అణువు దగ్గరికి వెళ్లాలి. కాంతి తాలూకు విద్యుత్ కంపనానికి అణువులోని ఎలక్ట్రాన్లు కదులుతాయి. ఎంత సులువుగా కదులుతాయనేది ధృవణశీలత. గుండ్రటి అణువుకు అది అన్ని దిశల్లోనూ ఒకటే. పొడవాటి అణువుకో, బెంజీన్‌లా పళ్లెం ఆకారంలో ఉన్న అణువుకో దిశను బట్టి మారుతుంది. మామూలు ద్రవంలో అణువులు అడ్డదిడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ భేదాలు సగటులో కొట్టుకుపోతాయి. బయటి క్షేత్రం వాటిని కాస్త ఒక వైపుకు తిప్పితే భేదం పైకి తేలుతుంది. తిప్పే బలం రెండు రకాలు. కార్బన్ డైసల్ఫైడ్‌లా సహజంగా ద్విధ్రువం (ఒక వైపు ధన, మరో వైపు రుణ ఆవేశం) లేని అణువులో కూడా క్షేత్రం తాత్కాలిక ద్విధ్రువాన్ని పుట్టిస్తుంది, ఎక్కువ ధృవణశీలత ఉన్న అక్షం క్షేత్రం వైపు ఒరుగుతుంది. 1910లో పాల్ లాంజెవాన్ ఇచ్చిన సిద్ధాంతం ఇదే. నైట్రోబెంజీన్ లాంటి వాటికి శాశ్వత ద్విధ్రువమే ఉంటుంది, దాన్ని క్షేత్రం నేరుగా పట్టి తిప్పుతుంది. 1918లో మాక్స్ బోర్న్ దీన్నీ లెక్కలోకి తెచ్చాడు.

'పట్టి తిప్పుతుంది' అంటే వరుసగా నిలబెట్టేస్తుందని కాదు. నైట్రోబెంజీన్ ద్విధ్రువ భ్రామకం, అంటే ద్విధ్రువపు బలం, సుమారు 4.2 డిబై (దాన్ని కొలిచే ప్రమాణం). పైన చెప్పిన క్షేత్రం, అంటే మీటరుకు 20 లక్షల వోల్టులు, దానిపై చూపే శక్తి గది ఉష్ణోగ్రతలోని ఉష్ణశక్తిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆ లెక్కన అణువుల్లో ఏర్పడే సగటు క్రమం 10 లక్షల్లో 3 పాళ్లు. వేడి వాటిని ఎటుపడితే అటు నెడుతూనే ఉంటుంది, క్షేత్రం ఆ గందరగోళానికి రవ్వంత మొగ్గు చూపిస్తుంది. క్షేత్రాన్ని తలకిందులు చేసినా ఫలితం అదే, ఎందుకంటే అణువు ముందుకు చూసినా వెనక్కి చూసినా కాంతికి తేడా లేదు. వర్గ నియమం వచ్చింది ఇక్కడి నుంచే.

గుర్తు సంగతికి వస్తే క్లోరోఫాం మంచి ఉదాహరణ. దాని ద్విధ్రువం కార్బన్-హైడ్రోజన్ బంధం వెంట ఉంటుంది. ఎలక్ట్రాన్లు ఎక్కువగా కదిలేది మాత్రం ఆ అక్షానికి అడ్డంగా, మూడు క్లోరిన్ పరమాణువులు పరుచుకున్న తలంలో. క్షేత్రం ద్విధ్రువాన్ని తనవైపు తిప్పుకునేసరికి తక్కువ ధృవణశీలత ఉన్న అక్షం క్షేత్రం వెంట నిలుస్తుంది. క్లోరోఫాం కెర్ స్థిరాంకం రుణాత్మకం కావడానికి కారణం అదే. క్లోరోబెంజీన్‌లో అలా కాదు. అక్కడ ద్విధ్రువమూ, ఎలక్ట్రాన్లు ఎక్కువగా కదిలే దిశా రెండూ కార్బన్-క్లోరిన్ బంధం వెంటే ఉంటాయి, అందుకే ధనాత్మకం. ద్విధ్రువ భ్రామకాన్ని విడిగా కొలిస్తే దాని పరిమాణం తెలుస్తుంది, అణువులో అది ఏ వైపు ఉందో తెలియదు. కెర్ స్థిరాంకపు గుర్తు ఆ రెండో సంగతి చెబుతుంది.

అయితే ఒక చిక్కు. పోలరైజర్లను పూర్తిగా అడ్డంగా పెట్టి చూస్తే బయటికొచ్చే వెలుగు దశాభేదపు, అంటే ఒక కిరణం రెండోదానికన్నా ఎంత వెనకబడిందన్న దాని, వర్గాన్ని బట్టి ఉంటుంది, గుర్తు మాయమవుతుంది. పైగా చిన్న సంకేతం ఇంకా చిన్నదైపోతుంది. మొదటి పేరాలోని పాత్రలోనే నైట్రోబెంజీన్ తీసేసి నీళ్లు పోస్తే దశాభేదం సుమారు 4 డిగ్రీలు, బయటికొచ్చే వెలుగు వెయ్యిలో ఒక వంతు. అందుకని కొలిచేవాళ్లు రెండో పోలరైజర్‌ను కావాలనే కాస్త తప్పించి పెడతారు, లేదా పావు తరంగ పలక (ఒక కిరణాన్ని పావు తరంగదైర్ఘ్యం వెనక్కి నెట్టేది) చేర్చి కొద్దిగా వెలుగు ముందే రానిస్తారు. అప్పుడు క్షేత్రం పెట్టగానే ఆ వెలుగు పెరిగిందా తగ్గిందా అన్నదే గుర్తు చెబుతుంది, సంకేతం కూడా సరళ అనుపాతంలోకి వస్తుంది. చూడటానికి చిన్న ఉపాయం. దాదాపు వందేళ్ల తర్వాత ఫెమ్టోసెకన్ (సెకనులో 10 కోట్ల కోట్ల వంతు) లేజర్లతో ద్రవాలను కొలిచినవాళ్లు వాడుకున్నది కూడా దీన్నే.

ఆచరణలో అసలు తలనొప్పి ద్రవపు శుద్ధి. నైట్రోబెంజీన్‌లో రవ్వంత తేమో, అయాన్లో ఉంటే విద్యుత్తు పారుతుంది, ద్రవం వేడెక్కి అలలు అలలుగా వక్రీభవనం మారుతుంది, పలకల మధ్య క్షేత్రం సమంగా ఉండదు. నీళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. స్థిర వోల్టేజీ బదులు చిన్న చిన్న పల్స్‌లు ఇవ్వడం మొదలైంది ఇందుకే. నైట్రోబెంజీన్ విషపూరితం కూడా, కాబట్టి ఒలికితే తుడిచేసుకుని ఊరుకునే పదార్థం కాదు.

ఒక ద్రవానికి ఒక సంఖ్య, ఒక గుర్తు. ఇంతటితో అణువు నిర్మాణం చెప్పగలమా? నేరుగా చెప్పలేం. ఆ ఒక్క సంఖ్యలో తాత్కాలిక ద్విధ్రువపు వంతు, శాశ్వత ద్విధ్రువపు వంతు, తిరగడంతో నిమిత్తం లేకుండా ఎలక్ట్రాన్ మేఘం వంకరపోవడం వల్ల వచ్చే మరో చిన్న వంతు కలగలిసి ఉంటాయి. వాటిని విడదీసేది ఉష్ణోగ్రత. మొదటిది ఉష్ణోగ్రత పెరిగితే దానికి విలోమంగా, రెండోది ఉష్ణోగ్రత వర్గానికి విలోమంగా తగ్గుతాయి. మూడోది దాదాపు మారదు. 1955లో బకింగ్‌హామ్, పోపుల్ ఆ మూడో వంతుకు సరైన స్థానం చూపించారు. వాయువుల్లో ఈ విడదీత శుభ్రంగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ ఏ అణువు దాని పాటికి అది ఉంటుంది.

ద్రవంలో పక్క అణువులు ఊరుకోవు. ఒక అణువు దగ్గర నిజంగా ఉండే క్షేత్రం పలకల మధ్య మనం పెట్టిన క్షేత్రం కాదు, చుట్టూ ఉన్న అణువుల క్షేత్రం కూడా అందులో కలుస్తుంది. ఆ చుట్టుపక్కల క్షేత్రం అన్ని వైపులా సమంగా ఉంటుందని లారెంజ్ పద్ధతిలో అనుకుని లెక్కిస్తే సిద్ధాంతానికీ ప్రయోగానికీ పొంతన కుదరదు. 1927లో కలకత్తాలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ పట్టుకున్నది ఈ ముడినే. అణువు ఆకారమే సమంగా లేనప్పుడు దాని చుట్టూ ఉన్నవాటి అమరిక మాత్రం సమంగా ఎందుకుంటుందని ప్రశ్నించి, దిశను బట్టి మారే స్థానిక క్షేత్రంతో ద్రవాల విద్యుత్, అయస్కాంత ద్వివక్రీభవనాలకు సిద్ధాంతం రాశారు. ద్రవాలు వెదజల్లే కాంతిలో ధృవణం ఎంత చెదిరిందో కొలిస్తే అణువు ధృవణశీలతలో దిశాభేదం ఎంతో తెలుస్తుంది. కెర్ ఫలితానికి కావలసిన ముడిసరుకు అదే. కాంతి పరిక్షేపణంపై ఈ పట్టు ఉన్నవాళ్లకే మరుసటి ఏడాది రామన్ ఫలితం దొరికిందంటే అది గాలివాటం కాదు. ఆ 1928లోనే రామన్ దగ్గర చేరిన సూరి భగవంతం తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి కాంతి పరిక్షేపణ పరిశోధనను తీసుకొచ్చారు. మన విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్రానికి కెర్‌తో ఉన్న చుట్టరికం ఆ దారిన వస్తుంది.

రసాయనశాస్త్రవేత్తలు మరో దారి ఎంచుకున్నారు. పక్క అణువులు అడ్డమైతే వాటిని దూరంగా నెట్టేస్తే సరి. సిడ్నీ విశ్వవిద్యాలయంలో రేమండ్ లెఫెవర్, కేథరిన్ లెఫెవర్ దంపతులు 1950ల నుంచి ఈ పనిని ఒక పద్ధతిగా మలిచారు. పరీక్షించాల్సిన పదార్థాన్ని బెంజీన్, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి ద్విధ్రువం లేని ద్రావణిలో చాలా పలచగా కలిపి, గాఢత తగ్గిస్తూ కొలిచి, సున్నా గాఢత దగ్గర విలువ ఎంతుంటుందో గీత పొడిగించి తీసేవారు. ఒక్కో రసాయన బంధానికి దాని వెంట ఒక ధృవణశీలత, అడ్డంగా మరొకటి ఉంటాయనుకుని, వాటిని కూడి మొత్తం అణువు విలువ కట్టేవారు. ఇక ఆకారం గురించి ఊహలు పెట్టి, ఏ ఊహ కొలతకు సరిపోతుందో చూడటమే.

బెంజోఫినోన్‌లో రెండు బెంజీన్ వలయాలు ఒక కార్బొనైల్‌కు (కార్బన్-ఆక్సిజన్ ద్విబంధానికి) అటూ ఇటూ ఉంటాయి. వలయాలు తమ బంధం చుట్టూ ఎంత మెలితిరిగి ఉన్నాయన్నది ప్రశ్న. ద్విధ్రువ భ్రామకాన్ని అడిగితే జవాబు రాదు, వలయం మెలితిరిగినా కార్బొనైల్ ద్విధ్రువం కదలదు. ధృవణశీలత మాత్రం మారుతుంది, ఎందుకంటే వలయపు తలం తిరిగితే ఎలక్ట్రాన్లు సులువుగా కదిలే దిశా తిరుగుతుంది. కాబట్టి కెర్ స్థిరాంకం మెలికను బట్టి మారుతుంది. స్ఫటికంలో కాకుండా ద్రావణంలో ఆ అణువు ఎలా ఉందో అడగగలిగిన తొలి పద్ధతుల్లో ఇదొకటి. అయితే బంధాలను విడివిడిగా కూడటం అన్నది వలయాలకూ, ఒకదాని పక్కన ఒకటి ఉండే ద్విబంధాలకూ అంత నమ్మదగిన లెక్క కాదు. ఒక్క సంఖ్య నుంచి రెండు కోణాలు రాబట్టడం కుదరదు కూడా. తప్పు ఊహను కొట్టిపారేయడానికి కెర్ స్థిరాంకం గట్టి సాక్ష్యం, సరైన ఊహను నిలబెట్టడానికి అంత గట్టిది కాదు. ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం) యంత్రాలు ప్రయోగశాలల్లోకి వచ్చాక నిర్మాణం తేల్చే పని చాలావరకు వాటికి పోయింది.

కెర్ ఫలితం మిగిలింది కాలం వల్ల. క్షేత్రం తీసేశాక అణువులు మళ్లీ చెల్లాచెదరు కావడానికి పట్టే సమయం ద్రవాన్ని గురించి మరో రకం కబురు చెబుతుంది. 1899లో ఫ్రాన్స్‌లో అబ్రహాం, లెమోయిన్ ఆ సమయం సెకనులో 10 కోట్ల వంతు కన్నా తక్కువని తేల్చారు. అంతకు మించి చూసే సాధనం అప్పట్లో లేదు. ఈ వేగం చూసి కెర్ పాత్రను కాంతికి తలుపుగా వాడుకున్నారు. 1928లో కరోలస్, మిటెల్‌స్టాట్ దానితో కాంతి వేగం కొలిచారు, 1962లో మెక్‌క్లంగ్, హెల్‌వార్త్ రూబీ లేజర్ నుంచి భారీ పల్స్ తీశారు. అవి పరికరాల చరిత్ర, ఇక్కడికి చాలు.

పెద్ద అణువులకైతే అంత తొందర లేదు. పొగాకు మొజాయిక్ వైరస్ 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కర్ర ముక్కలాంటిది. నీటిలో దాన్ని విద్యుత్ పల్స్‌తో ఒరగదీసి వదిలేస్తే ద్వివక్రీభవనం చల్లారడానికి సుమారు అర మిల్లీసెకను పడుతుంది. 1950లో ఒకాన్‌స్కీ, జిమ్ ఈ పద్ధతిని చూపించింది ఆ వైరస్‌తోనే. కర్ర తిరిగే వేగం దాదాపుగా పొడవు ఘనానికి విలోమంగా తగ్గుతుంది, కాబట్టి చల్లారే కాలాన్ని కొలిస్తే పొడవు తెలుస్తుంది. పొడవు రెట్టింపైతే కాలం ఎనిమిది రెట్ల దాకా పెరుగుతుంది. ఇంత పదునుగా పొడవును పట్టే కొలతలు తక్కువ. 1981లో హేగర్‌మన్ తెలిసిన పొడవుల డీఎన్ఏ ముక్కలపై ఇదే చేశాడు. ముక్క పొడవు పెరిగేకొద్దీ చల్లారే కాలం నిటారు కర్రకు రావలసిన దానికన్నా ఎంత తగ్గిందో చూసి, డీఎన్ఏ ఎంత దూరం నిటారుగా ఉండి ఆపై వంగుతుందో లెక్కగట్టాడు. అది సుమారు 50 నానోమీటర్లు. డీఎన్ఏ క్షేత్రం వెంటే పడుకుంటుంది గాని దాని ద్వివక్రీభవనం రుణాత్మకం. క్షారాల (బేస్‌ల) పళ్లేలు అక్షానికి అడ్డంగా ఉంటాయి, ఎలక్ట్రాన్లు సులువుగా కదిలేది వాటి తలంలోనే. క్లోరోఫాంలో చూసిన జ్యామితే ఇక్కడా.

డీఎన్ఏను క్షేత్రం తిప్పేది ఏ ద్విధ్రువంతో అన్న ప్రశ్నకు 1959లో టినోకో, యమావోకా ఇచ్చిన ఉపాయం ముచ్చటైనది. ద్రవంలో క్రమం నిలకడ పడ్డాక క్షేత్రాన్ని హఠాత్తుగా తలకిందులు చేస్తారు. శాశ్వత ద్విధ్రువమైతే అణువు మొత్తం వెనక్కి తిరగాలి, ఆ మధ్యలో సంకేతం పడిపోయి మళ్లీ లేస్తుంది. తాత్కాలిక ద్విధ్రువం ఎలక్ట్రాన్లతో పాటే క్షణంలో తిరగబడుతుంది, సంకేతం చెక్కుచెదరదు. డీఎన్ఏ లాంటి ఆవేశిత గొలుసుల్లో ద్విధ్రువం ఎక్కువగా చుట్టూ ఉన్న అయాన్ల మేఘం గొలుసు వెంట జరగడం వల్ల వస్తుంది. దానికీ కాస్త సమయం పడుతుంది కాబట్టి అసలు సంకేతం ఈ రెండు ఆదర్శాలకూ మధ్య ఎక్కడో ఉంటుంది.

ద్రవస్ఫటికాల్లో పక్క అణువుల పాత్ర దాచినా దాగదు. 5సీబీ అనే పదార్థం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్రమం ఉన్న నెమాటిక్ స్థితి నుంచి మామూలు ద్రవంగా మారుతుంది. ఆ మామూలు ద్రవాన్ని పైనుంచి చల్లబరుస్తూ వస్తే కెర్ స్థిరాంకం అమాంతం పెరుగుతుంది, ఒక్క అణువును తిప్పబోతే గుంపు గుంపే తిరుగుతుంది. చల్లారే కాలం కూడా వందల నానోసెకన్లకు సాగుతుంది. కెర్ స్థిరాంకపు విలోమాన్ని ఉష్ణోగ్రతకు ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. దాన్ని పొడిగిస్తే మార్పు జరిగే ఉష్ణోగ్రతకు సుమారు ఒక డిగ్రీ కింద సున్నాను తాకుతుంది. ద్రవం మాత్రం అక్కడిదాకా పోదు, ఆ లోపే నెమాటిక్ స్థితికి దూకేస్తుంది. ఇలాంటి స్థితి మార్పుల గురించి లాండౌ, డిజెన్ సిద్ధాంతం చెప్పిన తీరు ఇదే.

చిన్న అణువుల కదలిక చూడాలంటే విద్యుత్ పలకలు పనికిరావు, వోల్టేజీని పికోసెకనులో (సెకనులో లక్ష కోట్ల వంతులో) పెట్టి తీయడం వాటి వల్ల కాదు. క్షేత్రంగా కాంతినే వాడాలి. 1964లో మేయర్, గిరెస్ తీవ్రమైన లేజర్ కాంతి కూడా ద్రవంలో ద్వివక్రీభవనం కలిగిస్తుందని చూపించారు. కాంతి క్షేత్రం సెకనుకు కోట్ల కోట్ల సార్లు దిశ మార్చుకుంటుంది కాబట్టి శాశ్వత ద్విధ్రువం దాని వెంట తిరగలేదు, మిగిలేది ధృవణశీలత వంతే. అందుకే పలకల మధ్య కార్బన్ డైసల్ఫైడ్‌ను ఎన్నో రెట్లు మించిపోయే నైట్రోబెంజీన్, లేజర్ కాంతిలో దాదాపు దాని స్థాయికే దిగివస్తుంది. ఒకే ద్రవంపై ఈ రెండు కొలతలను పక్కపక్కన పెడితే ద్విధ్రువపు వంతు విడిగా తేలుతుంది. 1969లో డ్యూగే, హాన్సెన్ కార్బన్ డైసల్ఫైడ్‌తో పికోసెకన్ తలుపు చేశారు. ఆ తర్వాత డ్యూగే కొద్దిగా పాలు కలిపిన నీళ్లలో దూసుకుపోతున్న కాంతి పల్స్‌ను దానితో ఫొటో తీయగలిగాడు.

1980ల చివరికి మెక్‌మారో, లాట్షా, కెన్నీ-వాలెస్ ఫెమ్టోసెకన్ పల్స్‌లతో కార్బన్ డైసల్ఫైడ్ సంకేతాన్ని ముక్కలుగా విడదీశారు. మొదట ఎలక్ట్రాన్ల స్పందన, పల్స్‌తోనే వచ్చి పోతుంది. ఆ వెంటనే పికోసెకను లోపు ఒక ఎగుడు దిగుడు, పక్క అణువులు కట్టిన గూడులో అణువు అటూ ఇటూ ఊగడం వల్ల వచ్చేది. చివరికి సుమారు 1.6 పికోసెకన్ల కాలమానంతో నెమ్మదిగా చల్లారే తోక, అణువు గూడు దాటి తిరిగిపోవడం. పొగాకు వైరస్ అర మిల్లీసెకనుకూ దీనికీ మధ్య 30 కోట్ల రెట్ల దూరం ఉంది. రెంటినీ ఒకే సూత్రం వివరిస్తుంది. తిరగడానికి పట్టే కాలం పరిమాణాన్నీ ద్రవపు స్నిగ్ధతనూ (చిక్కదనాన్నీ) బట్టి పెరుగుతుంది, ఉష్ణోగ్రతను బట్టి తగ్గుతుంది. తోక వరకు ఆ సూత్రం బాగానే నిలుస్తుంది. మధ్యలోని ఎగుడు దిగుడు దగ్గరే వాదాలన్నీ. ఊగడం వల్ల ఎంత, అణువులు ఒకదానికొకటి దగ్గరై దూరమవడం వల్ల ధృవణశీలత మారిపోవడం ఎంత అన్నది ఒక్క సంకేతం నుంచి విడిపోదు. మూడు నాలుగు వక్రరేఖలు కూర్చి ఏ సంకేతానికైనా సరిపెట్టవచ్చు గాని, ఆ వక్రరేఖలన్నిటికీ అణువుల్లో అర్థం ఉందని చెప్పలేం. కంప్యూటర్ అనుకరణల్లో ప్రతి అణువునూ విడిగా వెంటాడి, దాని నుంచి కెర్ సంకేతం లెక్కగట్టి ప్రయోగంతో పోల్చడమే ఇప్పుడు నమ్మకంగా నడుస్తున్న దారి. లెఫెవర్ దంపతులు పలచబరిచి వదిలించుకోవాలనుకున్న పక్క అణువులే ఇక్కడ పరిశోధనకు అసలు సరుకు.

డైఎలక్ట్రిక్ స్థిరాంకపు (విద్యుత్ క్షేత్రానికి ద్రవం ఎంత ధృవణం చెందుతుందో చెప్పే సంఖ్య) కొలతలతో పోల్చి చూడటం ఇంకో దారి. అవి ద్విధ్రువం ఎటు చూస్తోందో చెబుతాయి, కెర్ అణువు అక్షం ఏ గీత వెంట ఉందో చెబుతుంది. అణువు చిన్న చిన్న అడుగులతో తిరుగుతుంటే మొదటి కాలమానం రెండోదానికి మూడు రెట్లు ఉండాలి. పెద్ద దూకుళ్లతో తిరిగితే ఆ నిష్పత్తి ఒకటి వైపు జారుతుంది. ద్విధ్రువాన్నీ ఆకారాన్నీ ఒకే ప్రయోగంలో పట్టాలన్న కోరికకు 2009లో టెరాహెర్ట్జ్ (సెకనుకు లక్ష కోట్ల సార్లు కంపించే) పల్స్‌లు దారి చూపించాయి. హాఫ్‌మన్, కీత్ నెల్సన్ తదితరులు పికోసెకను పాటు ఉండే ఆ పల్స్‌లతో ద్రవాల్లో కెర్ సంకేతం రాబట్టారు. కాంతిలా మరీ వేగంగా కంపించదు కాబట్టి ఆ క్షేత్రం శాశ్వత ద్విధ్రువాన్ని కొంతైనా పట్టుకోగలదు. అయాన్లు కదిలి ద్రవాన్ని వేడెక్కించేంత సేపూ ఉండదు. నీళ్లలోనూ ఈ కొలత సాధ్యమైంది. కెర్ పలకల మధ్య ఎప్పుడూ మొరాయించిన ద్రవం అదే.